రాజీనామా పెట్టే ముందు

ఒంగోలు

ప్రియమైన తల్లీ,

ఫోన్లో రెండు మాటలతో తేల్చకుండా నాలుగు పేజీలు రాసి పంపావు. నైట్ డ్యూటీల మధ్య అంత రాయడానికి నీకు తీరిక ఎక్కడ దొరికిందో గానీ, ఆ ఉత్తరం చదివాక నేనూ కూర్చుని రాయాలనిపించింది. మీ పెద్దమ్మ కూడా చదివింది. చదివి చాలాసేపు ప్రార్థన చేసింది.

నువ్వు రాసిన దాన్ని నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. దసరా సెలవుల్లో జరిగిన యూత్ రిట్రీట్‌లో లేచి ముందుకు వెళ్లి, మోకరించి, జీవితాన్ని పూర్తిగా ప్రభువుకు సమర్పించుకున్నావు. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం బస్తీలో పిల్లలకు సండే స్కూల్, శుక్రవారం ఉపవాస ప్రార్థన, డ్యూటీ దిగిన పొద్దున నిద్ర కూడా లేకుండా కూడికలు. ఇంత చేసినా ఫలం కనబడటం లేదని నీ దుఃఖం. మీ కూడికలో ఒక పెద్దమనిషి దానికి కారణం చెప్పాడు: నీ సమర్పణ పూర్తి కాలేదు, ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతున్నావు, అది వదిలితే దేవుడు ఫలమిస్తాడు అని. అందుకని, రాజీనామా పెట్టనా పెదనాన్నా అని అడుగుతున్నావు.

ఇప్పుడు పెట్టవద్దు తల్లీ. ఇది ముందే చెప్పేస్తున్నాను, మిగతాది నువ్వు నెమ్మదిగా చదువుకోవచ్చు.

గోధుమగింజ గురించి ప్రభువు చెప్పిన మాట నీకు కంఠతా వచ్చు. అది భూమిలో పడి చావకపోతే ఒంటరిగానే ఉంటుందని, చస్తే విస్తారంగా ఫలిస్తుందని. రిట్రీట్‌లో ఆ వాక్యం మీదే బోధించారని రాశావు. ఆ మాట ఎప్పుడు పుట్టిందో యోహాను పన్నెండో అధ్యాయం తెరిచి మళ్లీ చూడు. గాడిదపిల్ల మీద యెరూషలేములో ప్రవేశించాడు, జనం ఖర్జూరపు మట్టలు పట్టుకుని ఎదురొచ్చారు, లోకమంతా ఆయన వెంట పోయిందని పరిసయ్యులే ఒప్పుకున్నారు. ఆ వేడిలోనే పండుగకు వచ్చిన కొందరు గ్రీసు దేశస్థులు ఫిలిప్పు దగ్గరికి వచ్చి, యేసును చూడాలని అడిగారు. ఫిలిప్పు అంద్రెయతో చెప్పాడు, ఇద్దరూ వెళ్లి ప్రభువుతో చెప్పారు. పరాయి దేశాలవాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చారంటే, పరిచర్యలో ఫలం అంటే ఇదే కదా అనుకునే ఘడియ. ఆయన నోట వచ్చింది మాత్రం గింజ మాట. ఆ గ్రీసువాళ్లకు ఆయన దర్శనమిచ్చాడో లేదో యోహాను రాయనేలేదు. జనం పెరిగిన రోజున ఆయన తన మరణం గురించి మాట్లాడాడు. ఈ వాక్యాన్ని జనం పెరగడానికి మార్గంగా బోధిస్తుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

నువ్వు పుట్టిన ఈ జిల్లాలో ఆ గింజ ఎలా పడిందో నీకు చిన్నప్పుడు కథలాగా చెప్పాను. ఇప్పుడు పెద్దదానివయ్యావు, ఇంకొంచెం లోతుగా వినాలి.

శామ్యూల్ డే అనే బాప్తిస్టు మిషనరీ 1836లో తెలుగు గడ్డ మీద అడుగుపెట్టాడు. విశాఖపట్నంలో దిగి, కొంతకాలం మద్రాసులో ఉండి, 1840లో నెల్లూరు చేరాడు. భాష నేర్చుకున్నాడు, జాతర్లకూ సంతలకూ నడిచివెళ్లి చెప్పాడు. విశ్వసించినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లి, కాస్త కోలుకోగానే భార్యాబిడ్డలను అక్కడే వదిలి తిరిగివచ్చాడు. చివరికి 1853లో శరీరం ఇక సహకరించక వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో నెల్లూరు మిషన్‌ను మూసేయాలని అమెరికాలో పంపించినవాళ్లే చర్చలు పెట్టారు. ఇన్నేళ్ల ఖర్చుకు ఫలం ఏదీ అని అడిగారు. నీ ఉత్తరంలో ఉన్న ప్రశ్నే. మ్యాపులో నెల్లూరు ఒక్కటే మిణుకుమంటుంటే దానికి ఒంటరి నక్షత్రం అని పేరు పడింది.

డే వెళ్లిపోయిన కొన్నాళ్లకే, 1854 జనవరి 1 తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు మరో ముగ్గురు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కారు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలున్నారు. అయిదుగురే. కింద కనిపిస్తున్న ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. ఆ మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు. ఈలోపు జ్యూయెట్ కూడా జబ్బుపడి స్వదేశం వెళ్లాడు. మళ్లీ మూసివేత మాట వచ్చినప్పుడు, మీరు పంపకపోయినా నేను వెళ్తాను, ఆ తెలుగువాళ్ల మధ్యే చనిపోతాను అన్నాడు. ఆ పట్టుదలే క్లౌను వెంటబెట్టుకుని తెచ్చింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది.

ఆ తరవాత జరిగింది క్లౌ వల్ల జరగలేదు, నా ఉద్దేశంలో. యర్రగుంట్ల పేరయ్య వల్ల జరిగింది. తోళ్ల వ్యాపారం మీద తిరిగే మాదిగ మనిషి. అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చి, దేవుణ్ణి వెతుకుతూ ఉన్నవాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం పొంది, తాళ్లకొండపాడు చుట్టుపక్కల పల్లెలకు కాలినడకన తిరిగి తన వాళ్లకు చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరు వెళ్లేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. డే మాటలు విన్నవాళ్లలో ఎవరు ఎవరితో ఏం చెప్పుకున్నారో, ఆ మాట ఏ సంతలో ఏ చెవిన పడి ఎటు తిరిగిందో ఏ రిజిస్టరులోనూ లేదు.

మాదిగలు సంఘంలోకి రావడం మొదలవగానే పెద్ద కులాల పిల్లలు మిషన్ బడి మానేస్తామన్నారు. బడి ఖాళీ అయితే పట్టణంలో ఉన్న కాస్త పరపతీ పోతుంది. ఆ సాయంత్రం క్లౌ, ఆయన భార్య హ్యారియెట్, వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం తగిలిందట: లోకం నీచులని ఎంచినవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. వాళ్లు మాదిగల పక్షాన నిలబడ్డారు, ఆ పిల్లలు వెళ్లిపోయారు. సమర్పణ అంటే నాకు ఎప్పుడూ ఈ సంగతి గుర్తొస్తుంది. ప్రాణం ఇవ్వమని వాళ్లను ఎవరూ అడగలేదు. మంచి పేరు ఇవ్వమని అడిగారు, అంతే. చాలామందికి రెండోదే కష్టం.

1876లో మొదలైన పెద్ద కరువు నీ పాఠ్యపుస్తకంలో కూడా ఉండే ఉంటుంది. మన జిల్లాలో జనం రాలిపోయారు. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ల పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి కల్పించాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూమి కొలిచే సర్వేయరు. ఆ పాత పని ఇక్కడ అక్కరకొచ్చింది. ఈ సంగతి ప్రత్యేకంగా నీ కోసం రాస్తున్నాను, ఎందుకో తరవాత చెబుతాను.

ఆ కరువు కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్లు వేలమంది. క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం, గంజి కోసం వచ్చారేమోనన్న అనుమానం ఎవరికీ ఉండకూడదని, ఏడాదికి పైగా ఒక్కరికి కూడా ఇవ్వలేదు. పండిన చేను ఎదురుగా ఉంది, లెక్కలు పంపమని అడిగే పెద్దలు అమెరికాలో ఉన్నారు. ఆయన చేతులు కట్టుకున్నాడు. కరువు సాయం ఆగాక, ఇక ఇచ్చేది ఏమీ లేదు వెళ్లండి అని చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడి ఇచ్చారు.

ఈ అంకె మనవాళ్లు చాలాసార్లు చెబుతారు. నేనూ సంతోషంగానే చెబుతాను. అయితే ఇందులో ఆకలి ఉంది, కులం పెట్టిన బాధ ఉంది, మనిషిగా నిలబడాలన్న ఆశ ఉంది. అవన్నీ కలిసే ఆ నదిలోకి దిగాయి, దేవుడు వాటిలో దేన్నీ తోసివేయలేదని నేను నమ్ముతున్నాను. ఇంకో సంగతి కూడా మరచిపోకూడదు. శామ్యూల్ డే 1871లోనే అమెరికాలో చనిపోయాడు. గుండ్లకమ్మ మాట ఆయన చెవిన పడలేదు. 1853లో ఆయన వెళ్లిపోయిన రోజున, మీ మిషన్ విఫలమైందా అని ఎవరైనా అడిగి ఉంటే చూపించడానికి ఆయన చేతిలో దాదాపు ఏమీ లేదు. ఆయన సమర్పణ పూర్తి కాలేదని మీ కూడిక పెద్దమనిషి అనగలడా?

అదే నేను నీతో చెప్పదలచుకున్నది. సమర్పించుకోవడం అంటే ఫలాన్ని కళ్లారా చూసే హక్కును కూడా ఇచ్చేయడం. సమయం, జీతం, నిద్ర ఇచ్చావు. లెక్క చూసుకునే పుస్తకం మాత్రం నీ దగ్గరే ఉంచుకున్నావు. అది కూడా ఆయన చేతికి ఇచ్చెయ్యి. పిల్లలు పదిమందే వస్తున్నారని బాధపడ్డావు. పదిమంది పేర్లూ, వాళ్ల ఇళ్లలో ఎవరు తాగుతారో, ఎవరు చదువు మానేసే ప్రమాదంలో ఉన్నారో నీకు తెలుసు కదా. యాభైమంది వస్తే తెలియదు.

హైదరాబాద్‌లో నువ్వు ఉండే చోటికి దూరం కాదు, మేడ్చల్, శామీర్‌పేట వైపు ద్రాక్షతోటలు ఇంకా మిగిలి ఉన్నాయి. సెలవు రోజున ఎవరినైనా అడిగి వెళ్లి ఒకసారి చూడు. మన వేడి నేలల్లో ద్రాక్షతీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. ఏప్రిల్ కత్తిరింపు తరవాత కాయ రాదు. వట్టి కొమ్మ పెరుగుతుంది, ఆకులు వస్తాయి. తెలియనివాడు చూస్తే, కాచే తీగను కోసేసి దండగ చేశారనుకుంటాడు. కానీ ఆ ఎండల్లో పెరిగిన కొమ్మ కణుపుల లోపలే, పైకి కనబడకుండా, రాబోయే పంటకు పూమొగ్గలు కట్టుకుంటాయి. అక్టోబరులో కత్తిరించినప్పుడు అవి చిగురుతో పాటు బయటికి వస్తాయి. వేసవి సరిగా గడవని తీగ చలికాలంలో ఎంత కత్తిరించినా గెలలు వెయ్యదు. కడరాత్రి ప్రభువు శిష్యులతో తీగ గురించి మాట్లాడినప్పుడు, ఫలించే కొమ్మనే తండ్రి కత్తిరిస్తాడని చెప్పాడు. కొమ్మకు ఆయన అప్పగించిన పని ఒక్కటే, తీగలో నిలిచి ఉండటం. నీకు ఇప్పుడు జరుగుతున్నది ఏప్రిల్ అయి ఉండవచ్చు తల్లీ. దాన్ని శిక్ష అనుకోకు, నీ లోపం అని ఎవరైనా చెబితే నమ్మకు.

ఇక ఉద్యోగం మాట.

ఉద్యోగం వదిలి వెళ్లినవాళ్లు లేరా అంటావు. ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు వి.ఎస్. అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పని వదిలి 1909లో దోర్నకల్ వచ్చాడు. ముప్పై దాటాక తెలుగు నేర్చుకున్నాడు. తాను స్థాపించడంలో పాలుపంచుకున్న మిషనరీ సంఘానికి మనుషులను పిలుస్తూ, నేనెందుకు వెళ్లకూడదు అని తనను తాను ప్రశ్నించుకుని వచ్చాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. కొత్తగా బాప్తిస్మం పొందే కూలివాళ్లచేత, చదువు రానివాళ్లచేత, తమ తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవాడు. పొలంలో పనిచేసేవాళ్లు పొలం వదలకుండానే సాక్షులయ్యారు. ఆయన ఒక్కడు ఉద్యోగం వదిలాడు, ఆయన వెనక వేలమంది తమ పనుల్లోనే నిలబడి పరిచర్య చేశారు. అందరినీ పిలిచింది ఒకే ప్రభువు. పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నప్పుడు అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. ఆ చేతులు అపొస్తలుడివి కాకుండా పోలేదు.

అజరయ్యను ఎవరూ సిగ్గుపరచి తీసుకురాలేదు. ఇది ముఖ్యం. ప్రభువు తన ప్రాణం గురించి, ఎవరూ దాన్ని నా దగ్గర నుంచి తీసుకోరు, నేనే పెడుతున్నాను అన్నాడు. గెత్సేమనేలో కూడా, ఆ గిన్నె తొలగిపోవాలన్న తన కోరికను ముందు తండ్రితో చెప్పుకున్నాడు, తరవాతే లోబడ్డాడు. అడగకూడదు, ఆలోచించకూడదు, పెద్దలు చెప్పింది చెయ్యి అనేదాన్ని నేను సమర్పణ అనను. నీ జీతంలో మూడో వంతు కూడిక ఖర్చులకు ఇస్తున్నావని, లెక్క అడిగితే విశ్వాసం తక్కువ అంటారని రాశావు. లెక్క అడుగు. పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు ఎవరూ నింద వేయకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట తీసుకెళ్లాడు. అపొస్తలుడికి అవసరమైన జాగ్రత్త ఈ పెద్దమనిషికి వద్దా? నీ శరీరాన్ని, నీ తెలివిని, నీ జీతాన్ని దేవునికి ఇచ్చావు. వాటిని మధ్యలో అందుకుని తమవి చేసుకునే హక్కు మనుషులకు లేదు. ఎవరైనా నిన్ను భయపెట్టి ఏదైనా చేయిస్తుంటే, అది చిన్నదైనా సరే, నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రి అయినా చెయ్యి. నేను రైలెక్కి వస్తాను.

మీ నాన్న షుగరు మందులకు, తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజుకు నువ్వు పంపే డబ్బు గురించి కూడా ఒక మాట. దేవునికి అర్పితం అని పేరు పెట్టి తల్లిదండ్రులకు ఇవ్వాల్సినదాన్ని ఆపేసే కొర్బాను పద్ధతిని ప్రభువు ఎంత గట్టిగా ఖండించాడో మార్కు ఏడో అధ్యాయంలో చదువు. వాళ్లకు నువ్వు చేస్తున్నది దేవుని పనికి అడ్డం కాదు. నెల నెలా మీ అమ్మ ఖాతాలో వేసే ఆ డబ్బు కూడా ఆయన బలిపీఠం మీదికే చేరుతుంది.

క్లౌ సర్వేయరు పని సంగతి ఇప్పుడు చెబుతాను. నువ్వు నర్సువి. రాత్రి మూడు గంటలకు, బంధువులు వరండాలో నిద్రపోతుంటే, ఆపరేషన్ అయిన ముసలాయన నీళ్లు అడిగినప్పుడు విసుక్కోకుండా వెళ్లేది నువ్వే. చనిపోతున్న మనిషి చెయ్యి పట్టుకునేది నువ్వే. ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం అని మొదలుపెట్టి పౌలు గలతీయులకు రాసిన ఆత్మ ఫలంలో తొమ్మిది ఉన్నాయి. చదివి చూడు, వాటిలో కూడికకు ఎంతమంది వచ్చారన్నది లేదు. ఆ తొమ్మిదీ ఎదుటి మనిషి రుచి చూస్తేనే తెలిసేవి. నీ వార్డులో దయ, హాస్టల్లో ఆశానిగ్రహం, ఇంటికి ఫోన్ చేసినప్పుడు సాత్వికం. మీ అమ్మ నాతో అన్నది దాచకుండా చెబుతాను: ఈ మధ్య బాగా అలసిపోయి, మాట్లాడితే కసురుకుంటోంది బావగారూ అంది. నిన్ను తప్పుపట్టలేదు, కళ్లనీళ్లు పెట్టుకుంది. నిద్ర లేని మనిషికి దీర్ఘశాంతం కష్టం. ఏలీయా చచ్చిపోవాలని బదరీచెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ముందు నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టించి, నీళ్లు తాగించి, తరవాతే మాట్లాడాడు. డ్యూటీ దిగిన పొద్దున కూడిక మానేసి నిద్రపో. దాన్ని అవిధేయత అని ఎవరైనా అంటే, మా పెదనాన్న నిద్రపొమ్మన్నాడని చెప్పు.

ఒక్కటి మాత్రం కొత్తగా మొదలుపెట్టమని అడుగుతాను. వారానికి ఒక పని, ఎవరికీ తెలియకుండా చెయ్యి. స్టేటస్‌లో పెట్టకు, సాక్ష్యంలో చెప్పకు, నాకు కూడా రాయకు. మీ హాస్టల్లో వంటచేసే ఆమె కాళ్లనొప్పులని రాశావు కదా, ఆమె దగ్గర మొదలుపెట్టవచ్చు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనివ్వవద్దని ప్రభువు చెప్పింది మన మేలు కోసమే. ఎవరూ చూడని పని చేస్తున్నప్పుడు మనసు లోపల ఏం అంటుందో విను. చూసేవాళ్లు లేరని మొదట్లో వెలితిగా ఉంటుంది. కొన్నాళ్లకు ఆ వెలితి పోయి, ఆయనొక్కడు చూస్తే చాలుననిపిస్తుంది. నాకు తెలిసిన భక్తిపరులందరిలో, ముఖ్యంగా మా సంఘంలో పేరు కూడా ఎవరికీ గుర్తులేని ముసలి బైబిల్ ఉమెన్‌లలో, నేను చూసిన సంతోషం అక్కడినుంచి వచ్చిందే.

పూర్తికాలపు పరిచర్యకు పిలుపు నిజంగా ఉంటే, అది నీ నిద్ర తీరాక కూడా ఉంటుంది, నువ్వు నెమ్మదిగా ఆలోచించాక కూడా ఉంటుంది, ఎవరూ నెట్టకపోయినా ఉంటుంది. అప్పుడు మీ పాస్టరుగారితో, మీ అమ్మానాన్నలతో, మాతో కలిసి కూర్చుని ప్రార్థిద్దాం. తమ్ముడి చదువు సంగతి ఏమిటో, ఎక్కడ శిక్షణ పొందాలో, ఎవరు పంపుతారో, ఖర్చులు ఎలా గడుస్తాయో మాట్లాడదాం. ఆ రోజు రాజీనామా కాగితం నేనే దగ్గరుండి రాయిస్తాను. నిన్ను ఆపాలని నాకు లేదు. నీలో ఆ ఆశ పుట్టినందుకు దేవునికి స్తోత్రం చెబుతున్నాను.

ఈలోపు బస్తీ పిల్లల క్లాసు ఆపకు. ఫ్లానెల్ బొమ్మలు కావాలన్నావు, సంఘం బీరువాలో పాతవి ఉన్నాయి. మీ పెద్దమ్మ తుడిచి సర్ది పెట్టింది, వచ్చే వారం మీ బాబాయి హైదరాబాద్ వస్తున్నాడు, ఇచ్చి పంపుతాను. క్రిస్మస్‌కు సెలవు దొరుకుతుందో లేదో డ్యూటీ చార్ట్ పడగానే చెప్పు. దొరక్కపోతే మేమే వస్తాం, నీ వార్డులో వాళ్లకు అరిసెలు పట్టుకుని.

ప్రేమతో,
మీ పెదనాన్న